గోముఖ్‌కు ఒక సంతకం

స్కూటర్ డిక్కీ తాళంచెవిని బల్ల మీద పెట్టి, కోడలు ఆఫ్షీన్ వంటింట్లోకి వెళ్లిపోయింది. కిందటి వారం కథ అక్కడ ఆగింది. అత్తగారు ఇక్బాలున్నీసా డాక్టర్ సర్టిఫికెట్ మూడు రోజులుగా కనబడటం లేదు. బీరువా, పరుపుల కింద, పాత పుస్తకాల మధ్య, అంతటా వెతికారు. అదెక్కడుందో కోడలికి తెలుసునని ఆ తాళంచెవి చూడగానే ఇక్బాలున్నీసాకు అర్థమైంది.

వాకిట్లో నిలిపిన స్కూటర్ దగ్గరికి వెళ్లి డిక్కీ తెరిచింది. పానాలు, రాగి గొట్టం ముక్కలు, నల్లబడిన గుడ్డ. వాటన్నిటి అడుగున నాలుగు మడతలు పెట్టిన కాగితం. విప్పి చూస్తే తన పేరు, వయసు అరవై రెండు, కింద డాక్టరు ముద్ర. ఎత్తైన చోట్ల నడకకు ఆరోగ్యరీత్యా అభ్యంతరం లేదన్న వాక్యం మీద నూనె మరక పడింది గాని, అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ స్కూటర్ కొడుకు రిజ్వాన్‌ది. బహదూర్‌పురాలో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే దుకాణం అతనిది. ఆ పూట దుకాణానికి స్నేహితుడి బండి మీద వెళ్లాడు.

ఇక్బాలున్నీసా కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని అరచేత్తో సాపు చేసింది. మొఘల్‌పురాలోని ఆ ఇంట్లో తఖ్త్ అనే వెడల్పాటి చెక్కబల్ల మీద కూర్చుని కొడుకు కోసం చూడసాగింది. కోపం వచ్చింది. దానికంటే ఎక్కువ ఆశ్చర్యం వేసింది. చిన్నప్పుడు కూడా ఒక్క చాక్‌పీసు దొంగిలించని పిల్లవాడు!

ఆమె ప్రభుత్వ బాలికల ఉన్నత పాఠశాలలో ముప్పై ఒక్కేళ్లు సాంఘికశాస్త్రం చెప్పి, నిరుడే రిటైరైంది. ఆ ముప్పై ఒక్కేళ్లూ ఏటా హిమానీనదం పాఠం చెప్పింది. కొండల మధ్య మంచు పేరుకుని, తన బరువుకు తనే కదులుతూ, రాళ్లను నూరుకుంటూ దిగి వచ్చే తీరును నల్లబల్ల మీద బొమ్మ గీసి చూపేది. చివరి ఏడాది తొమ్మిదో తరగతిలో స్రవ్య అనే పిల్ల లేచి, "టీచర్, మీరు చూసిండ్రా?" అని అడిగింది.

"చూడలేదమ్మా."

"మరి గంత మంచిగ ఎట్ల చెప్తున్నరు?"

ఆ పిల్ల మెచ్చుకోలుగానే అంది. క్లాసులో ఎవరూ నవ్వలేదు. అయినా ఆ ప్రశ్న ఇక్బాలున్నీసాతోపాటు ఇంటికొచ్చి కూర్చుంది. రిటైరైన నెలకే ఆమె ఒక నోటుబుక్కు కొని మొదటి పేజీలో 'గోముఖ్' అని రాసింది. గంగోత్రి హిమానీనదం అంచు అది, గంగ మొదలయ్యే చోటు. అక్కడికి వెళ్తానని చెప్పిన రోజున ఇంట్లో అందరూ నవ్వారు. "మంచే చూడాలంటే నా దుకాన్‌ల నాలుగు డీప్ ఫ్రీజర్లున్నయ్ అమ్మీ, మూత తీసి చూసుకో," అన్నాడు రిజ్వాన్. నోటుబుక్కులో రైళ్ల వేళలు, బస చోట్లు, ఎక్కడెంత ఎత్తు ఉంటుందో, ఏ రోజు ఎంత నడవాలో నిండుతున్నకొద్దీ అతని నవ్వు తగ్గుతూ వచ్చింది. శ్రవణ్‌కుమార్ అనే ఆయన నడిపే ట్రెక్కింగ్ బృందంలో జూన్ నెలకు రెండు సీట్లు ఖాయమైన రోజు నుంచి అసలు నవ్వడమే మానేశాడు.

సాయంత్రం రిజ్వాన్ వచ్చాడు. హెల్మెట్ తీస్తూ తఖ్త్ మీదున్న కాగితం చూసి, అక్కడే ఆగిపోయాడు.

ఆ ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ. ఇక్బాలున్నీసాకు కోపమొస్తే మాత్రం తెలుగులోకి మారుతుంది. ముప్పై ఒక్కేళ్లు క్లాసులో కోప్పడింది ఆ భాషలోనే మరి. అమ్మీ నోట తెలుగు వచ్చిందంటే తప్పించుకునే దారి లేదని రిజ్వాన్‌కు చిన్నప్పటి నుంచీ తెలుసు.

"గీ కాగితం నీ డిక్కీల ఎందుకున్నది?"

"నేనే పెట్టిన."

"ఎందుకు పెట్టినవ్?"

"రేపు పగటీలి పన్నెండు గంటలకు గడువు కదా. దొరకకపోతే నీ పేరు కొట్టేస్తరు అనుకున్న."

"దొంగతనం చేసినవ్."

"చేసిన అమ్మీ." తల ఎత్తి సూటిగా చూశాడు. "మళ్ల మోక దొరికితే మళ్ల చేస్త."

ఇలాంటి జవాబు ఆమె ఊహించలేదు. బుకాయిస్తే ఏమనాలో సిద్ధం చేసుకుంది గాని, ఒప్పుకుంటే ఏమనాలో అనుకోలేదు. వంటింటి గుమ్మంలో ఆఫ్షీన్ చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

ఇక్బాలున్నీసా రెండో కాగితం తీసింది. అరవై దాటినవాళ్ల ఇంటివాళ్లెవరైనా సమ్మతి తెలుపుతూ సంతకం పెట్టాలి. ఆ గీత ఇంకా ఖాళీగానే ఉంది.

"నేను పెడ్త అమ్మీ," అంది ఆఫ్షీన్.

"నువ్వు పెడితే చెల్లుతది బేటీ. కానీ నాకు వీనిది కావాలె. ఇంట్ల ఒకడు మొహం తిప్పుకొని కూసుంటే నేను సంతోషంగ ఎట్ల పోత?" కొడుకు వైపు తిరిగింది. "రిజ్వాన్, నీ ఫికర్ ఏంది? నాకు చాతకాదని, గంతే కదా?"

"గంతే."

"అయితే రేపు పొద్దుగాల ఆరు గంటలకు పహాడీషరీఫ్ రా. ఆ మెట్లు మూడు సార్లు ఎక్కుత. వీపు మీద ఆరు కిలోల సంచి ఉంటది. యాడ కూసున్నా ఓడినట్టే, గీ రెండు కాగితాలు నేనే చింపుత, గోముఖ్ పేరు మళ్ల ఎత్తను. నువ్వు ఉత్త చేతులతోని నా వెంబడి నడువు. మూడూ అయినంక నువ్వే సంతకం పెట్టాలె."

రిజ్వాన్ భార్య వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది.

"వస్త," అన్నాడు.

* * *

మర్నాడు ఆరు కొట్టేసరికి సక్కుబాయి పహాడీషరీఫ్ దర్గా మొదటి మెట్టు దగ్గర సంచి తగిలించుకుని సిద్ధంగా ఉంది. ఆమె ధూల్‌పేట్ మనిషి. ఇక్బాలున్నీసా పనిచేసిన బడిలోనే ఇరవై నాలుగేళ్లుగా ఆయా, ఇంకా సర్వీసులోనే ఉంది. ఇద్దరూ ఒకే బడిలో పడి పెద్దవాళ్లయ్యారు. హిమానీనదం అన్న మాట సక్కుబాయి నోట ఒక్కసారి కూడా సరిగ్గా పలకలేదు. ఆమెకు అది గంగమ్మ పుట్టిల్లు. అందుకే టీచరమ్మ అడగకముందే, "నేను కూడ వస్త," అంది. అప్పటి నుంచి నాలుగు నెలలుగా ఇద్దరూ ఈ మెట్ల మీద నడుస్తున్నారు. సక్కుబాయి సంచిలో బియ్యం, ఇక్బాలున్నీసా సంచిలో పాత అట్లాసులు.

"ఏంది బాబూ, ఉత్తగనే వచ్చినవా? నీకు కూడ ఒక సంచి తెద్దునుగ," అంది రిజ్వాన్‌ను చూసి.

"మీరే మోయుండ్రి ఖాలా."

మొదటిసారి ఎక్కుతున్నప్పుడు రిజ్వాన్ తల్లి కంటే నాలుగు మెట్లు ముందున్నాడు. ఆమె ఊపిరి వినడానికే మాటిమాటికీ ఆగుతున్నట్టున్నాడు. ఇక్బాలున్నీసా అతన్ని పట్టించుకోలేదు. రెండు మెట్లకు ఒక ఊపిరి లోపలికి, రెండు మెట్లకు ఒక ఊపిరి బయటికి. నోటుబుక్కులో రాసుకున్న లెక్క అది, ఇప్పుడు కాళ్లకు దానంతటదే వస్తోంది. మెట్ల పక్కన పూల దుకాణాల వాళ్లు అప్పుడే గోనెలు విప్పుతున్నారు. తెలిసిన ముఖం కావడంతో ఒకతను, "సలామ్ టీచరమ్మా, ఇయ్యాల ఫౌజు పెరిగిందే!" అని నవ్వాడు. శంషాబాద్ వైపు దిగుతున్న విమానం ఒకటి తక్కువ ఎత్తులో పోయింది.

రెండోసారి ఎక్కుతున్నప్పుడు ఇద్దరూ ఒకే మెట్టు మీదున్నారు. రిజ్వాన్ చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ముప్పై మూడేళ్ల మనిషి, పొద్దంతా స్కూటర్ మీద, పొద్దుమాపూ చాయ్‌లు, బిస్కెట్లు. అతను రెయిలింగు పట్టుకోవడం సక్కుబాయి చూసి, తన సంచి సర్దుకుంటూ పైకి నడిచింది.

మూడోసారి ముప్పాతిక దాకా ఎక్కేసరికి రిజ్వాన్ నాలుగు మెట్లు వెనకబడ్డాడు. ఎండ మెట్ల మీదికి వచ్చేసింది. ఇక్బాలున్నీసా తొడలు మండుతున్నాయి, మెడ మీదుగా చెమట కారుతోంది. అయినా ఊపిరి లెక్క తప్పలేదు. ఇంక కొంచెమే. పైనున్న తెల్లని గోడ కనబడుతోంది.

అప్పుడు అతను ఆ నాలుగు మెట్లూ గబగబా ఎక్కి వెనక నుంచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"బస్, అమ్మీ. బస్ చెయ్యి."

"ఎందుకు? నేను మంచిగనే ఉన్న కదా."

"నాకు తెలుసు. ఒప్పుకుంటున్న. నువ్వు ఎక్కుతవ్. నాకు భయం మెట్లది కాదు." అతను మెట్టు మీద కూలబడ్డాడు. "నీకు ఒక మాట చెప్పలే. గిప్పటిదాంక ఎవ్వరికీ చెప్పలే. ఆఫ్షీన్‌కు కూడ."

కూర్చుంటే ఓడిపోయినట్టే కనుక ఇక్బాలున్నీసా సంచి బరువుతో నిలబడే విన్నది. సక్కుబాయి రెండు మెట్లు పైకి జరిగి ముఖం అటు తిప్పుకుంది.

ఐదేళ్ల కిందట, కరోనా రెండోసారి ఊరి మీద పడినప్పుడు, ఇక్బాలున్నీసా పదకొండు రోజులు ఆక్సిజన్ మీదుంది. రిజ్వాన్ రోజూ ఆసుపత్రి బయట ఫుట్‌పాత్ మీదే ఉన్నాడని, సిలిండర్ల కోసం ఊరంతా తిరిగాడని ఆమెకు తెలుసు. ఆమెకు తెలిసింది అంతవరకే.

"తొమ్మిదో నాడు డాక్టర్ నన్ను బయటికి పిలిచిండు," అన్నాడు రిజ్వాన్. "ఇంట్లోళ్లకు చెప్పుకోండ్రి అన్నడు. నేను ఇంటికి రాలే అమ్మీ. సీదా కబ్రస్తాన్‌కు పోయిన. అప్పుడు జాగాలు దొరుకుతలేవు, ఎవరు ముందు పోతే వాళ్లకే. అబ్బా గోరీ పక్కన నీకు జాగా అడిగిన. కొలిచి చూపించిండ్రు. 'మా అమ్మీ ఇంకా ఉన్నది' అని అన్లే నేను. ఊ అన్న. నువ్వు లోపల ఊపిరి కోసం కొట్లాడుతున్నవ్, నేను బయట నీకు మట్టి చూస్తున్న." అతను చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. "రెండు రోజులకు నువ్వు కండ్లు తెరిచి తినడానికి దాల్చా అడిగినవ్. అప్పటి సంది నీ మొహం చూసినప్పుడల్లా అదే యాదికొస్తది. గిప్పుడు నువ్వు గాలి పల్చగ ఉండే జాగకు పోత అంటున్నవ్. మళ్ల ఒకపారి నిన్ను వదిలిపెట్టు అంటున్నవ్. ఎట్ల పెట్టాలె సంతకం?"

మెట్లు దిగుతున్న ముసలాయన ఒకరు వాళ్లను తప్పించుకుంటూ పక్కగా వెళ్లారు. ఇక్బాలున్నీసా కొడుకు తల వైపు చూసింది. మూడు రోజులు కాగితం దాచినవాడు ఇతను. ఐదేళ్లు ఇంత బరువు మోసినవాడూ ఇతనే. తన వీపు మీది ఆరు కిలోలు ఆ క్షణంలో ఆమెకు గుర్తే లేవు. అతని జుట్టులో చెయ్యి పెట్టింది. తడిసిపోయి ఉంది.

"యాడ చూపించిండ్రు?" అని అడిగింది, మెల్లగా.

"ఆఁ?"

"జాగా. అబ్బాకు ఏ దిక్కు?"

"యాపచెట్టు దిక్కు."

"నీడ ఉంటదా?"

రిజ్వాన్ తలెత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఉంటది," అన్నాడు. అనేసి, ఏడుపులోనే నవ్వాడు.

"మంచి జాగనే చూసినవ్ బేటా. కొడుకన్నోడు చేసే పనే చేసినవ్. దాంట్ల తప్పు ఏమున్నది? ఆనాడు నువ్వు ఒక్కనివే ఉంటివి. నేను లోపల పండుకొని ఉంటి, నాకేం తెలుసు? భయమంతా నువ్వే పడ్డవ్." అతని జుట్టులోంచి చెయ్యి తీసి నిటారుగా నిలబడింది. "కానీ నేను పోలే. చూడు, నిలవడ్డ నీ ముంగట. ఆ జాగ ఎటూ పోదు, నా కోసం ఉంటది. ఆ మంచు గట్ల ఉండదు. నేను మొదటిసారి పాఠం చెప్పిన నాడు దాని మూతి యాడున్నదో గిప్పుడు ఆడ లేదు, ఏటా వెనక్కి పోతున్నది. ముందు దాని దగ్గరికి పోయొస్త."

"ఆడ తలనొప్పి లేస్తే? ఊపిరి అందకపోతే?"

"గంగోత్రిల రెండు దినాలు ఆగుతం, పెయ్యి ఆ గాలికి అలవాటు పడాలె. అవతల చీడ్‌బాసా దాంక ఒక నడక, భోజ్‌బాసా దాంక ఇంకొకటి. ఆడ పండుకొని తెల్లారి గోముఖ్. తల నొచ్చిందంటే యాడున్నమో ఆడికెల్లే కిందికి దిగుడు. గోముఖ్ కనవడుతున్నా సరే, వాపస్. నోటుబుక్‌ల ఎర్ర పెన్నుతోని రాసిన. చదివినవా నువ్వు అది?"

"లే."

"మరి చదువకుండనే ఫెయిల్ చేసినవా నన్ను?"

పై మెట్టు మీద సక్కుబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

రిజ్వాన్ లేవలేదు. ఇక్బాలున్నీసా అతన్ని లేపలేదు కూడా. సంచి పట్టీలు ఒకసారి బిగించుకుని, పైకి తిరిగి నడక సాగించింది. రెండు మెట్లకు ఒక ఊపిరి లోపలికి, రెండు మెట్లకు ఒకటి బయటికి. వెనక ఏ చప్పుడూ లేదు. తర్వాత చెప్పుల చప్పుడు వినబడింది, మొదట మెల్లగా, ఆ తర్వాత తొందరతొందరగా. చివరి పది మెట్లు ఉన్నాయనగా రిజ్వాన్ ఆమె పక్కకు వచ్చి, భుజం కింద చెయ్యి పెట్టబోయి, ఆగి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె తన కాళ్ల మీద తనే ఎక్కాలని అతనికీ అర్థమైంది.

ముగ్గురూ పైకి చేరారు. కింద పాతబస్తీ అంతా పొద్దుటి ఎండలో పరుచుకుని ఉంది. సక్కుబాయి రెండు చేతులూ పైకెత్తి, "లాంగ్ బెల్లు కొట్టాలనిపిస్తున్నది టీచరమ్మా! బడి మొత్తం ఇడిచిపెట్టాలె ఇయ్యాల!" అని గట్టిగా అరిచింది. ఫాతిహా ప్రార్థనకు వచ్చిన ఆడవాళ్లు ఇద్దరు తిరిగి చూసి, సంగతేమిటో తెలియకుండానే నవ్వారు.

రిజ్వాన్ జేబులోంచి చిన్న డబ్బీ తీశాడు. వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ కొలిచే పరికరం. కరోనా నాటిది.

"గిది ఇంకా ఉన్నదా?" అంది ఇక్బాలున్నీసా.

"సెల్లు అయిపోయినప్పుడల్లా కొత్తది ఏస్తున్న," అన్నాడు కొంచెం సిగ్గుపడుతూ. ఆమె వేలికి తగిలించాడు. అంకెలు అటూ ఇటూ ఊగి, తొంభై ఏడు దగ్గర నిలబడ్డాయి. మళ్లీ చూశాడు. తొంభై ఏడే. సక్కుబాయికి పెడితే తొంభై ఎనిమిది. "ఇగ నీది చూడు," అని సక్కుబాయి లాక్కుని అతని వేలికి పెట్టింది. ఊపిరి ఇంకా కుదుటపడని రిజ్వాన్‌కు తొంభై ఐదు వచ్చింది.

"నీకే సర్టిఫికెట్ కావాలె బాబూ!" అంది సక్కుబాయి.

అతను నవ్వుతూనే కాగితం అడిగి తీసుకున్నాడు. పిట్టగోడ మీద పరిచి, గాలికి ఎగరకుండా అట్లాసు ఒకటి పక్కన పెట్టి, ఖాళీ గీత మీద సంతకం చేశాడు. ఎప్పుడూ గిలికి పారేసే పేరును ఈసారి ఒక్కొక్క అక్షరం రాశాడు. రాసి, పరికరాన్ని తల్లి చేతిలో పెట్టి, "గిది నీ సంచిల పెట్టుకో. పొద్దుమాపూ చూసుకొని నాకు పోన్ చెయ్యాలె," అన్నాడు.

"చేస్త."

"సిగ్నల్ లేకుంటే?"

"దిగినంక చేస్త. ఊకె లొల్లి పెట్టకు."

ఇక్బాలున్నీసా ఆ సంతకం వైపు కాసేపు చూసింది. ఎన్నో వందల ప్రోగ్రెస్ కార్డుల మీద తండ్రుల సంతకాలు చూసిన టీచరు ఆమె. కొడుకు సంతకం కోసం ఇంత దూరం ఎక్కాల్సి వస్తుందనుకోలేదు. ఎక్కింది. ఛాతీ నిండా గాలి పీల్చుకుంది. గాలి ఎంత కావాలంటే అంత వచ్చింది.

రెండు కాగితాలనూ ఫొటో తీసి శ్రవణ్‌కుమార్‌కు వాట్సప్ చేశారు. అప్పటికి ఎనిమిదైనా కాలేదు. ఐదు నిమిషాలు గడవకముందే అతనే ఫోన్ చేశాడు. ఇక్బాలున్నీసా స్పీకరు పెట్టింది.

"మేడమ్, కాగితాలు అందినయ్, అంతా ఓకే. కానీ ఒక సంగతి. జూన్ తారీఖులకు మనకు పర్మిట్లు దొరకలేదు. రోజుకు నూట యాభై మందినే పంపుతరు కదా, నిండిపోయినయ్. మీకు డబ్బులన్నా వాపస్ ఇస్త, లేకుంటే ఇంకో దారున్నది. ఈ శుక్రవారం పోయే బ్యాచ్‌ల ఇద్దరు ఆడవాళ్లు డ్రాప్ అయిండ్రు. ఆ రెండు సీట్లు మీకిస్త."

"ఈ శుక్రవారమా? ఇయ్యాల మంగళారం!"

"అవును మేడమ్. పన్నెండు దినాల ట్రిప్. ఆ బ్యాచ్‌ల మిగిలినోళ్లంతా మగవాళ్లే, ఆడవాళ్ల టెంటు ఒక్కటే ఉన్నది. కాబట్టి వస్తే మీరిద్దరూ రావాలె, ఒక్క ఆడమనిషిని ఒంటరిగ తీసుకుపోలేను. అర్ధగంటల చెప్పుండ్రి, వేరేవాళ్లు అడుగుతున్నరు."

రిజ్వాన్ చటుక్కున, "అమ్మీ, పో! బూట్లు గిట్ల ఏం కావాలన్నా ఇయ్యాలనే తెస్త," అన్నాడు. నిన్నటిదాకా కాగితం దాచినవాడు అతనేనా అనిపించింది ఇక్బాలున్నీసాకు. కానీ ఆమె చూపు సక్కుబాయి మీదుంది.

సక్కుబాయి ముఖంలో నవ్వు ఆగిపోయింది. ఆమె కూతురు మున్నీకి నెలలు నిండాయి. మొదటి కాన్పు. డాక్టరమ్మ వచ్చే వారం బుధవారమని చెప్పింది. జూన్ యాత్రకు సక్కుబాయి ధీమాగా ఊ అన్నది కూడా, అప్పటికి పురుడు దాటి తల్లీబిడ్డా ఇంట్లో ఉంటారనే.

"సక్కూ," అంది ఇక్బాలున్నీసా. "నువ్వు మున్నీ దగ్గరనే ఉండాలె. నేను వచ్చే ఏడు పోత. మంచు ఒక్క ఏడాదికే కరిగిపోదు." ఆ మాట అంటుంటే, మంచు ఏటా వెనక్కి పోతోందని ఇందాక తనే చెప్పింది గుర్తొచ్చింది. అయినా మనస్ఫూర్తిగానే అంది.

సక్కుబాయి తన చిన్న ఫోను తీసుకుని పిట్టగోడ చివరికి వెళ్లి, వాళ్లకు వీపు పెట్టి మాట్లాడింది. ఒక్క మాటా వినబడలేదు. ఒకసారి తల అడ్డంగా ఊపింది. ఒకసారి కొంగుతో ముఖం తుడుచుకుంది. చాలాసేపు అవతలివాళ్లు చెప్పేదే విన్నది. తిరిగి వచ్చినప్పుడు ఆమె కళ్లలో ఏముందో ఇరవై నాలుగేళ్లుగా ఎరిగిన ఇక్బాలున్నీసాకు కూడా తెలియలేదు.

"ఏమన్నది మున్నీ?"

"జర ఊకో టీచరమ్మా. ఆ ఫోన్ ఇటియ్యి."

బడిలో హెడ్‌మాస్టరు ఫోను మోగితే తీయడానికి కూడా జంకే సక్కుబాయి, శ్రవణ్‌కుమార్ నంబరు నొక్కించుకుని, ఫోనును రెండు చేతులతో పట్టుకుని గొంతు సవరించుకుంది.

"సారూ, నేను సక్కుబాయిని మాట్లాడుతున్న. మా బిడ్డ ఒక మాట చెప్పమన్నది. జర మంచిగ ఇని, చెప్పింది చెప్పినట్టు రాసుకోండ్రి..."

(సశేషం)